ఎవుర్ని అడిగితివి?

ఆ రోజు నేను చేసింది తప్పే. ఆంధ్ర రాజధాని ఎక్కడుండాలో చెబుతూ అక్కడి పత్రికకు ఉత్తరం రాసి, "ఇది కోయంబత్తూరు తెలుగువాళ్ళందరి మాట" అని ముగించాను. మా ఊరి పక్క పోదనూరులో మిరపకాయల కొట్టు పెట్టుకున్న ముసలాయన్ని మేమంతా పెదనాయన అంటాం. ఆయనకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. "మన తెలుగు కోసం" అని మాత్రం చెప్పి ఆ ఉత్తరం మీద సంతకం అడిగాను. అరవంలో పెట్టాడు.

వాన వస్తుందన్నా, ధర పెరుగుతుందన్నా, కళ్ళజోడు నుదుటికెత్తి "ఎవుర్ని అడిగితివి?" అనడం ఆయన అలవాటు. ఆ రోజు నన్ను నమ్మి అడగలేదు.

నెల తిరక్కుండా, నేను కొట్లో ఉండగానే, గుంటూరు సరుకు తెచ్చిన లారీ డ్రైవరు పత్రికలో ఆయన పేరు చూపించాడు. "మీరు చెప్పిన చోట నా ఎకరం పోద్ది పెద్దాయనా. మా ఊరెప్పుడన్నా చూశారా?"

పెదనాయన నావైపు తిరిగాడు. "మనోళ్లు ఆ సీమ ఇడిసి నాలుగు నూరేండ్లాయె. నేను ఎవుర్ని అడిగితిని తంబీ?"

ఆ మాట నా ఒక్కడిదేనని, ఆయన సంతకం మోసంతో తీసుకున్నానని పత్రికకు రాశాను. పంపేముందు కొట్టుకు వెళ్ళి చదివి వినిపించాను. మిరపకాయలు తూస్తూ విన్నాడు.

"తప్పక వేస్తారు పెదనాయనా" అన్నాను.

ఆయన కళ్ళజోడు ఎత్తలేదు. ఎవుర్ని అడిగితివని అడగలేదు. ఈసారి నమ్మి మాత్రం కాదు.