ఎర్ర ఈవెన్ కత్తికి ఊనా గిల్లీస్ కొట్టిన ముద్ర

ఊనా గిల్లీస్ వంచిన కత్తి పిడి బుట్టలోకి ఆమె గురువు, ముసలి కమ్మరి టోర్కిల్ చెయ్యి ఎక్కడా గీసుకోకుండా దూరి, ఎక్కడా పట్టేయకుండా బయటికి రావడం మొదటిసారి జరిగింది ఆమె ఇరవై మూడో ఏట. అంతకు ముందు చలికాలాలన్నీ ఆమె వంచిన బుట్టలను ఆయన ఒక్క చూపు చూసి తుక్కులో పడేసేవాడు. ఆ రోజు మాత్రం చెయ్యి లోపల పెట్టి, పిడికిలి బిగించి, వదిలి, "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" సంగతి సాయంత్రానికల్లా మా కిల్‌డోరన్ పబ్బంతా తెలిసిపోయింది. చెప్పింది నేనే. నా చెల్లెలి కూతురాయె, చెప్పకుండా ఎలా ఉంటాను?

మా కొండసీమ కత్తికి అందమంతా ఆ బుట్టలోనే ఉంది. పిడి చుట్టూ, వేళ్ళకు దెబ్బ తగలకుండా, ఇనప కడ్డీలు వంచి అల్లిన గూడు అది. టోర్కిల్ కొలిమిలో తయారయ్యేవి పాత కత్తులకు నకళ్ళు, గోడకు తగిలించుకునేవి. వాటికి వాదర పెట్టరు, వెన్న కూడా తెగదు. అయినా టోర్కిల్ పద్ధతి టోర్కిల్‌దే.

"గోడకి చేతులుండవే పిల్లా. పోయి ఎవరిదో ఒకరి కొలత పట్రా," అనేవాడు.

అందుకని ఊనా నూలు దారం జేబులో వేసుకుని ఊరిమీద పడేది. ఇన్వర్నెస్‌లో ఒక పెద్ద హోటలు మెట్ల పైన వేలాడుతున్న కత్తిది పోస్టుమాన్ హెక్టర్ చెయ్యి. పెర్త్ దగ్గర ఒక పెళ్ళివారు కేకు కోసుకున్న కత్తిది మా రొట్టెల ఆవిడ చెయ్యి. ఆస్ట్రేలియా పోయినవి ఉన్నాయి, జపానులో ఒక దంతవైద్యుడి గదిలో ఉన్నది ఒకటి. మేమెవ్వరం ఊరు దాటకపోయినా మా చేతులు మాత్రం లోకమంతా తిరిగొచ్చాయని హెక్టర్ అంటూ ఉంటాడు. "నా చెయ్యి వేలాడుతున్న హోటల్లో నాకు టీ అయినా ఊరికే పొయ్యలేదు లాక్లన్" అని కూడా అంటాడు.

బడిలో ఊనా లెక్కల్లో చురుకు, కుట్టుపనిలో మొద్దు. పదహారేళ్ళకే గొర్రెల బొచ్చు కత్తిరించే పోటీలో మగవాళ్ళను ఓడించి కప్పు తెచ్చింది. ఆ కప్పు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ కొలిమి పని ఒక ఎత్తు.

ఆ "ఊఁ" అన్న మర్నాడు టోర్కిల్ ఆమె చేతిలో ఒక చిన్న ఉక్కు మేకు పెట్టాడు. దాని కొసన తన చేత్తో చెక్కిన బుల్లి హెర్రింగ్ చేప ఉంది. "ఇది నీ ముద్ర. ఏ కత్తిని చూసుకుంటే నీకు సిగ్గనిపించదో దానికి కొట్టు" అన్నాడు. ఊనా దాన్ని సొరుగులో పెట్టింది. ఏళ్ళు గడిచాయి. టోర్కిల్ మోకాళ్ళు పోయి కొలిమి పక్కన కుర్చీకి పరిమితమయ్యాడు, పనంతా ఆమెదే అయింది. అయినా ప్రతి కత్తి మీదా టోర్కిల్ జింక తల ముద్రే పడేది. ఎప్పుడు కొడతావే అని నేను అడగని వారం లేదు. "ఇంకా రాలేదు మావయ్యా" అనేది. ఆ కత్తి ఎప్పుడొస్తుందా అని నాకంటే ఆమే ఎక్కువగా ఎదురుచూసిందని నాకు తర్వాత తెలిసింది.

అది పోయినేడు వచ్చింది. సముద్రానికి అవతల, కేప్ బ్రెటన్‌లో మా మెక్‌వారిష్ వంశం వాళ్ళు చాలామంది ఉన్నారు. భూస్వామి గొర్రెల కోసం మా లోయను ఖాళీ చేయించినప్పుడు ఓడెక్కిన వాళ్ళ మనవలూ మునిమనవలూ. వాళ్ళు కొత్త హాలు కట్టుకుంటున్నారు. దాని గోడకు మా పూర్వీకుడు ఎర్ర ఈవెన్ కత్తికి నకలు కావాలన్నారు. అసలుది మా ఇంట్లో, పొయ్యి పైన ఉంది. కలోడెన్ యుద్ధంలో ఈవెన్ వైపు వాళ్ళు ఓడిపోయాక ఆయుధాలు దాచుకోకూడదని సర్కారు చట్టం చేస్తే, మావాళ్ళు దాన్ని పశువుల కొట్టం గడ్డికప్పులో దూర్చారు. అలుగు, అంటే కోసే రేకు, చాలావరకు తుప్పుకు పోయి మొండిగా మిగిలింది. బుట్ట మాత్రం చెక్కుచెదరలేదు.

హాలు కమిటీ పెద్ద ఎఫీ మెక్‌వారిష్ ఫోనులోనే కొలతలు చెప్పేసింది. "అమ్మాయ్, ఎర్ర ఈవెన్ ఏడడుగుల మనిషి. దానికి తగ్గట్టు చెయ్యి. మా గోడ చాలా పెద్దది."

ఆ ఏడడుగులూ మా ఇంటి నుంచి వెళ్ళినవే. నేనూ అలాగే విన్నాను, అలాగే చెబుతూ వచ్చాను.

ఊనా మా వంటింటికి వచ్చి కత్తి దింపి బల్ల మీద పెట్టింది.

"నీ చెయ్యి పెట్టు మావయ్యా."

"పట్టదు. మా నాన్నదీ పట్టలేదు. అన్నేళ్ళు గడ్డికప్పులో పొగకి ఇనుము కుంచించుకుపోయింది."

"ఇనుమేమన్నా వేన్నీళ్ళలో ఉతికిన స్వెటరా, కుంచించుకుపోడానికి?"

నవ్వుకి నా భార్య మోర్వెన్ చేతిలో టీ కుండ ఒలికింది. "పెళ్ళైన కాణ్ణించీ నేనూ అదే అడుగుదామనుకుంటున్నానే తల్లీ!"

హెక్టర్‌ని పిలిచారు, పట్టలేదు. చివరికి ఊనా తన చెయ్యి పెట్టింది. చేపపిల్ల నీళ్ళలోకి జారినట్టు జారింది.

"ఎర్ర ఈవెన్‌ది నా అంత చెయ్యి మావయ్యా. మహా అయితే నా అంత మనిషి."

నాకు ఒళ్ళు మండింది. గోడ మీద ఎవరు కొలిచి చూస్తారే, అడిగినంత పెద్దది చేసి పంపించు అన్నాను. ఆమె ఎఫీకి ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కణ్ణించి జవాబు తిన్నగా వచ్చింది. అంత చిన్నదైతే మాకొద్దు, అడిగినంత పొడవు చేసిచ్చే కొట్టు గ్లాస్గోలో ఒకటుంది అని.

కొలిమి దగ్గర ఊనా టోర్కిల్‌ని అడిగింది. నేనక్కడే ఉన్నాను.

"పెద్దది చేసి జింక ముద్ర కొట్టి పంపెయ్యొచ్చు తాతా. చేపని మాత్రం మళ్ళీ సొరుగులోనే పడుకోబెట్టాలి."

"నన్నడక్కు. జింక నాది, చేప నీది."

ఆమె చిన్నదే చేసింది, వద్దన్నవాళ్ళ కోసం. పాత మొండి మీద ఆండ్రియా ఫెరారా అనే పాతకాలపు కత్తుల మేస్త్రి పేరులో సగం మిగిలి ఉంటే, కొత్త అలుగు మీద ఆ పేరు పూర్తిగా కొట్టింది. మా కొండసీమ కత్తుల అలుగులు చాలావరకు జర్మనీ నుంచి వచ్చినవే, పేరు మాత్రం ఆయనది. ఆ పేరున్నవన్నీ ఆయనే చేసుంటే పాపం ముద్ద మింగే తీరిక కూడా ఉండేది కాదు. బుట్ట రేకుల్లో తొలిచిన గుండె గుర్తులలో ఒకటి పాతదానిలో వంకరగా ఉంది. ఆ వంకర కూడా దింపింది. లోపల జింకతోలు, అంచుకు ఎర్ర ఉన్ని, పిడికి చేపతోలు మీద ఇత్తడి తీగ. పని అయ్యాక దాన్ని దాగలి మీద పడుకోబెట్టి, సొరుగు తీసి, ఆ ఉక్కు మేకు తెచ్చి, బుట్ట లోపలి అంచున ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. అప్పటికి కేప్ బ్రెటన్ వాళ్ళు ఇంకా వద్దంటూనే ఉన్నారు. కూర్చున్న టోర్కిల్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. నాకు ఇక కోపం నిలవలేదు.

మర్నాడు ఊనా ఫోనులో ఎఫీకి బొమ్మ కనబడేలా మాట్లాడింది. "అమ్మడానికి కాదమ్మా, ఊరికే చూపిద్దామని" అంటూ బుట్టలో చెయ్యి పెట్టి పైకెత్తింది.

ఎఫీ ముఖం ఫోనుకు దగ్గరగా తెచ్చి చూసింది. తర్వాత తన చెయ్యి ఫోనుకు అడ్డంగా పెట్టింది. ముడతలు మినహాయిస్తే అదీ అంతే, పొట్టి వేళ్ళు, సన్నటి మణికట్టు.

"మా నాన్న బొగ్గుగనిలో చేసేవాడు. ఆయనకి మా అమ్మ ఆడవాళ్ళ చేతితొడుగులే కొనేది. బయట అన్నావంటే చూడు అని మా చెవులు మెలిపెట్టేవాడు. మా అన్నదమ్ములందరివీ ఇవే చేతులు." చెయ్యి దించి మళ్ళీ అంది. "దాన్నెవరికీ అమ్మకు. నువ్వే పట్రా. మేమందరం చేతులు పెట్టి చూశాకే గోడకెక్కిస్తాం."

నా చెల్లెలిదీ అదే చెయ్యి, ఊనాకు వచ్చింది. మా నాన్నదీ నాదీ మా నాయనమ్మ వైపు పార చెయ్యి. ఇప్పుడు పబ్బులో ఎర్ర ఈవెన్ కథ నేను ఇంకో విధంగా చెబుతున్నాను. ఏడడుగుల వాడు యుద్ధం నుంచి బతికి రావడంలో గొప్పేముంది, అంత చేత్తో వచ్చాడు చూడండీ, అని. హెక్టర్ నవ్వుతాడు. నవ్వనీ.

ఊనా ఈ ఆగస్టు ఆఖరున కత్తిని చెక్కపెట్టెలో పెట్టుకుని గ్లాస్గోలో విమానమెక్కింది. హాలు తెరిచిన రోజున ముసలివాళ్ళూ పిల్లలూ వరసగట్టి బుట్టలో చేతులు పెట్టారట. పట్టని ఒకరిద్దరు తల్లి వైపు చుట్టాల మీద వేసి తప్పుకున్నారట. కడ్డీలు వంచడం నేర్పమని అక్కడివాళ్ళు పట్టుబట్టి ఇంకొన్నాళ్ళు ఉంచుకున్నారు. టోర్కిల్ రోజూ కొలిమి తలుపు దగ్గర కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నాడు, రేవు గాలి కోసం అంటాడు. మోర్వెన్ ఓట్స్ రొట్టెలకు పిండి తెప్పించింది. మా ఊనా మధ్యాహ్నం బస్సుకు దిగుతుంది, సెప్టెంబరు ఇరవై ఏడు, శనివారం.