మస్తానుకు మొక్కిన పేరు

సుబ్బరావమ్మకు భయం కొత్త కాదు. పెదనందిపాడు దగ్గర పల్లెలో, కౌలు పొలంలో మిరప, పత్తి వేసుకు బతికే ఇల్లు ఆమెది. వాన పడితే ఒక భయం, పడకపోతే ఇంకో భయం. అవి ఊరందరికీ ఉండేవే. రచ్చబండ దగ్గర నలుగురితో చెప్పుకుంటే కాస్త తగ్గుతాయి. కూతురి గురించిన భయం అలాంటిది కాదు. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, భర్త వెంకయ్యకు కూడా.

మొదటి ఇద్దరు పిల్లలు ఉయ్యాల ఎక్కకుండానే పోయారు. మూడోసారి కడుపు పండినప్పుడు ఆమె గుర్తొచ్చిన దేవుడికల్లా మొక్కింది. తిరుపతి వెంకన్నకు తలనీలాలు. పుట్టలో నాగేంద్రుడికి ప్రతి చవితికీ పాలు. కోటప్పకొండ శివుడికి చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మాట. ఆడపిల్ల పుట్టింది. పురిటి మైల తీరకముందే జ్వరం పట్టుకుంది. పిల్ల కళ్లు తెరవడం మానేసింది, పాలు తాగడం మానేసింది. డాక్టరు చూద్దాం అన్నాడు.

అప్పుడు పక్కింటి ఖాదర్‌బీ పిల్లను తన కొంగులో చుట్టుకుని గుంటూరు బస్సెక్కింది. వెనకాలే బాలింత. మస్తాన్ దర్గాలో నిలబడితే, మొక్కడానికి సుబ్బరావమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు. జుట్టు ఒకరికి ఇచ్చేసింది, పాలు ఒకరికి, నడక ఒకరికి. "దీనికి నీ పేరు పెట్టుకుంటా సామీ" అంది. సాయంత్రానికి పిల్ల ఏడ్చింది.

అలా ఆ పిల్ల వెంకట నాగ మస్తాన శివపార్వతి అయింది. ఇంట్లో మాత్రం బుజ్జి. పూర్తి పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడే వినపడేది. ఒక మాస్టారు విసుగొచ్చి ఉత్త పార్వతి అని పిలవడం మొదలుపెడితే, సుబ్బరావమ్మ పనికి పోకుండా బడికి వెళ్లి, మొత్తం పిలవమని ఆయన్ని బతిమాలింది. ఆయన నవ్వాడు. ఆ తర్వాత మొత్తమే పిలిచాడు. ఆమె ఎందుకు అడిగిందో ఆయన అడగలేదు.

ఇప్పుడు బుజ్జి గుంటూరులో ఒక ల్యాబులో పని చేస్తోంది. విదేశాలకు పోయే మిరపకారాన్ని అక్కడ పరీక్ష చేస్తారు. అవతలి దేశం వాళ్లు ఫోన్లో బొమ్మగా కనపడి మాట్లాడతారట. పేరులో మొదట ఉంది కాబట్టి ఆమెను వెంకటా అని పిలుస్తారట. ఆ మాటకు సుబ్బరావమ్మ కూడా నవ్వింది, ఆడపిల్లను వెంకటా అనడమేంటని.

మిరప కోతలు ముగిసే రోజుల్లో బుజ్జి ఫోన్ చేసింది. శిక్షణకు హాలెండు పంపిస్తున్నారంది. గొంతు సంతోషంగానే ఉంది. తర్వాత పేరు సంగతి ఎత్తింది. టికెట్లో అంత పేరు పట్టక సగంలో తెగిపోతోంది, పాస్‌పోర్టుకూ దానికీ పొంతన ఉండటం లేదు. ఆఫీసులో నాగేంద్రబాబు గారని ఒకాయన, శివపార్వతి ఒక్కటి ఉంచుకుని మిగతావి గెజిటులో తీయించుకోమన్నాడు. మస్తాన అనే మాటకైతే విమానాశ్రయంలో ప్రతిచోటా సంజాయిషీ చెప్పాల్సి వస్తుందనీ అన్నాడట.

"నువ్వు సరేనంటేనే తీయిస్తా" అంది బుజ్జి.

సుబ్బరావమ్మ తర్వాత చెబుతానంది. వెంకయ్యనడిగితే, పిల్ల పెద్దదైంది, దాని ఇష్టమన్నాడు. పత్తికట్టె పీకడానికి పోయాడు.

ఆమెకు అన్నం సయించలేదు. వెంకన్నకు జుట్టు ఇచ్చింది, ఆ బాకీ లేదు. నాగేంద్రుడికి పాలు ఏ ఏడూ తప్పలేదు. కొండకు నడుస్తూనే ఉంది. పేరు తీసినా వాళ్లు ఊరుకుంటారు. మస్తానుకు ఇచ్చింది పేరొక్కటే. అది వెనక్కి తీసుకుంటే ఆయన తనిచ్చింది అడగడా? అంత ఎత్తున, గాల్లో, పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు అడగడా?

మర్నాడు కోల్డ్ స్టోరేజి షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఖాదర్‌బీ పక్కనే కూర్చుంది. ఇద్దరూ ముక్కులకు గుడ్డ కట్టుకున్నారు. సుబ్బరావమ్మ కళ్ల నీళ్లను ఘాటు మీదికి నెట్టేయొచ్చనుకుంది. ఖాదర్‌బీ నమ్మలేదు.

"ఏంది వదినా, నిన్నటినుంచీ పీనుగు మొహమేసుకున్నావు?"

చెప్పక తప్పలేదు. చెప్పి తల దించుకుంది. వాళ్ల సామి పేరు తీసేస్తామని వాళ్ల మనిషితోనే చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఖాదర్‌బీ చేతిలో కాయ చేతిలోనే ఉంది. "మా పిల్లోడు బాషాని హైదరాబాదులో బాబీ అంటారంట. వాడే అలా చెప్పుకున్నాడంట. నాకు తెలిసి ఏడాదైంది. నీకు చెప్పలా."

"నీకు భయం వెయ్యలా?"

"ఎందుకెయ్యదు? వాడు ఫోన్ ఎత్తకపోతే గుండె జారిపోద్ది."

ధైర్యం చెబుతుందనుకున్న మనిషి అలా అనేసరికి సుబ్బరావమ్మకు ఉన్న భయం ఇంకాస్త పెరిగింది. అయినా పిల్ల దారికి అడ్డం పడకూడదనుకుంది. మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్ చేసింది.

"తీయించుకో బుజ్జీ. ఏం కాదు."



"నువ్వు వద్దంటావనుకున్నానమ్మా" అంది బుజ్జి. "వద్దంటే బాగుండు, మా అమ్మ ఒప్పుకోలేదని చెప్పేద్దామనుకున్నా. నాకూ భయంగానే ఉంది."

ఆ పిల్లకు మొక్కు సంగతి తెలుసని సుబ్బరావమ్మకు ఇప్పటిదాకా తెలియదు. ఎవరు చెప్పారో అడగలేదు. పిల్ల భయపడుతోంది, ఇక తను భయపడకూడదు. "నేను చూసుకుంటాలే. నువ్వు పని కానియ్యి" అంది. కారం అంటిన ఫోన్‌ను కొంగుతో తుడుచుకుంది.

తిరిగి వచ్చి కూర్చుంటే పని సాగలేదు. "వదినా, సామికి ముందు మనమే చెబుదాం. ఆఫీసోళ్లు తీశాక తెలిస్తే బాగోదు" అంది. ఖాదర్‌బీ లేచి ఒడిలోని తొడిమలు దులుపుకుంది.

ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. ఎలా మొదలుపెట్టాలో సుబ్బరావమ్మ దారి పొడవునా వెతుక్కుంది. దర్గాలో మల్లెపూల చాదరు సమర్పించి, చేతులు జోడించి నిలబడింది. అనుకున్నవేవీ నోటికి రాలేదు.

"పేరు తీసేస్తున్నాం సామీ. పిల్లను మాత్రం తియ్యొద్దు."

ఫకీరు దీవిస్తూ ఆనించిన నెమలీకల కట్ట తల మీద తగిలింది. భయం దిగిపోతుందేమోనని ఆమె కళ్లు మూసుకుని ఆగింది. దిగలేదు. వెనక వరసలో వాళ్లు తోసుకుంటుంటే బయటికి వచ్చి, మెట్ల పక్కన నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"చెప్పాను."

"ఏమన్నాడమ్మా?"

"ఏమీ అన్లా."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.