‘ఆడ’ అన్న ఒక్క మాట

మేము ముగ్గురం హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్లం. పెళ్లిళ్లయ్యాక ఒకామె హిందూపురంలోనే ఉండిపోయింది. ఇంకొకామె ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలైంది. నేను పెనుకొండలో టీచరుగా కుదురుకున్నాను. వాళ్లిద్దరి ఊళ్లకూ మధ్యలో పెనుకొండ ఉంది కాబట్టి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒక అలవాటు చేసుకున్నాం. నెలకో ఆదివారం వాళ్లు చెరోవైపు నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు. ముగ్గురం కలిసి టిఫిను తినేవాళ్లం.

తినేది పెనుకొండలోనే టిఫిన్లు అమ్మే ఒక అక్క ఇంట్లో. దానికి బోర్డు లేదు. అక్క పొద్దున్నే లేచి, తను పడుకున్న మంచాన్ని గోడకు నిలబెట్టి, ఆ జాగాలో బల్లలు వేస్తుంది. టీవీ మీద గుడ్డ కప్పి ఉంటుంది. పెరటి తీగ మీద వాళ్ల బట్టలు ఆరుతుంటాయి. బొరుగుల ఉగ్గాని, బజ్జీ, కారం దోసె, ఇడ్లీ, అంతే. చట్నీ అయిపోతే అడగనక్కర్లేదు, మన ప్లేటు చూసి అక్కే తెచ్చి వేస్తుంది.

అక్కడ ముగ్గురికీ ఏమేం కావాలో చెప్పేది ధర్మవరం ఆమే. మా ఇద్దరికీ నోరు తెరిచే పని ఉండేది కాదు. ఆమె మాటకారి. చీర కొనడానికి వచ్చినవాళ్లు రంగు నచ్చలేదని లేవబోతే, వాళ్ల ఊరు ఏదో, ఇంట్లో పెళ్లి ఎవరిదో అడిగి, ఆ మాటల్లోనే మళ్లీ కూర్చోబెట్టేది. రైలు దిగిన దగ్గర్నుంచి మళ్లీ రైలెక్కేదాకా ఆమె చెబుతూనే ఉండేది, మేము నవ్వుతూనే ఉండేవాళ్లం.

పోయినేడు ఎండాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది. కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. మాట పూర్తిగా పోయింది. కొన్ని వారాలకు ఒక్క మాట తిరిగి వచ్చింది. ‘ఆడ.’ మా వైపు ‘అక్కడ’ అనడానికి అట్లా అంటారు. నీళ్లు కావాలన్నా ఆడ, నిద్ర వచ్చినా ఆడ, కోపం వచ్చినా ఆడ. మనం చెప్పేది అర్థమవుతుందనీ, తను చెప్పాలనుకున్న మాటే నోటికి అందదనీ డాక్టరు చెప్పాడట. రాయడమూ అంతే. ఎడమచేతికి పెన్ను ఇస్తే గీతలు గీసి, వాటిని తనే చూసుకుని పెన్ను విసిరేసేదట.

కొంచెం తేరుకున్నాక ఆమెను అక్క ఇంటికి తీసుకుపోదామని మేమిద్దరం అనుకున్నాం. హిందూపురం ఆమె కారు నేర్చుకుంది. తెల్లవారుతుండగా బయలుదేరి, పెనుకొండలో నన్ను ఎక్కించుకుని ధర్మవరం పోనిచ్చింది. మేము పోయేసరికి మా స్నేహితురాలు తల దువ్వించుకుని, పట్టంచు చీర కట్టి, గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. వాళ్లాయన మగ్గం దిగి వచ్చాడు.

“పిల్చుకోని పోండమ్మా. మీరంటే పానం ఆయమ్మకి. మీతో ఉంటే మాట వస్తాదేమో,” అన్నాడు.

ఆ మాటతో కారులో మా ఇద్దరికీ పరీక్షకు పోతున్నట్టయింది. దారంతా హిందూపురం ఆమె పాత సంగతులు గట్టిగా చెబుతూ వచ్చింది. చెవిటివాళ్లకు చెప్పినంత గట్టిగా. వెనక సీట్లో నా పక్కన ఆమె తల ఊపుతూ, నవ్వాల్సినచోట నవ్వుతూ కూర్చుంది.

అక్కకు ముందే చెప్పి ఉంచాను. మేము ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంచింది. ఆమె చెయ్యి పట్టుకుని “బాగుండావామ్మా?” అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా లోపలికి పోయి ముగ్గురికీ ఉగ్గాని తెచ్చి పెట్టింది. బజ్జీలు ఇంకా వేడిగా ఉన్నాయి.

ఆమె ప్లేటు చూసింది. ఎడమచేత్తో మెల్లగా దాన్ని అవతలికి జరిపింది.

“ఆడ,” అంది.

“ఏం గావల్ల మే? దోసె చెప్పమంటావా?” అని అడిగాను. కాదని తలాడించింది. వంటింటి వైపో, పెరటి వైపో, గోడ వైపో చెయ్యి చాపింది. చెయ్యి ఒకచోట నిలవకపోవడంతో ఎటు చూపిస్తోందో తెలియలేదు.

“నీళ్లా? కాపీనా? కారమెక్కువుండాదా?” హిందూపురం ఆమె ఒక్కొక్కటే అడిగింది. అన్నింటికీ కాదు. బాత్రూముకేమోనని నేను నడిపించుకుని పోయాను. తలుపు దాకా వచ్చి, కాదని నన్నే వెనక్కి లాగింది. ఎండ కంట్లో పడుతోందేమోనని చోటు మార్చాం. బల్ల మార్చాం. మేము ఇటువాళ్లం అటు కూర్చున్నాం.

“ఆడ, ఆడ, ఆడ.”

మాట అదే, గొంతు మాత్రం మారుతోంది. మొదట అడిగినట్టుంది, తర్వాత బతిమాలినట్టు, ఆ తర్వాత తిట్టినట్టు. హిందూపురం ఆమె దిక్కుతోచక కన్నడంలోకి పోయింది. “ఏను బేకే నినగె? హేళే!” ఏం కావాలే నీకు, చెప్పవే అని. కాలేజీ రోజుల్లో మా ముగ్గురికీ ఆ భాష నోట్లో నానేది. కన్నడంలో అడిగితే కన్నడంలో వస్తుందనుకుందేమో. రాలేదు. ఎడమ అరచేత్తో ధర్మవరం ఆమె బల్లను కొట్టడం మొదలుపెట్టింది. గ్లాసు పడి నీళ్లు ఒళ్లోకి కారాయి.

పక్క బల్ల దగ్గర ఇడ్లీ తింటున్న పెద్దమనిషి ఒకాయన, “ఏమైందమ్మా ఆయమ్మకి? గోరంట్ల దావలో మందు ఇస్తారంట, పిల్చుకోని పోకూడదా?” అన్నాడు. మంచికే అన్నాడు. నేను ఆమె ఒళ్లో నీళ్లు తుడుస్తున్నాను.

అక్క పొయ్యి తగ్గించి వచ్చింది. ఏమీ అడగకుండా ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేపి, వంటింట్లోకి నడిపించింది. నేనూ వెనకే పోయాను. అక్క ఒక్కొక్క గిన్నె మూత తీసి చూపించింది. ఇడ్లీ పాత్ర, దోసెల పిండి, ఎర్రకారం, శెనక్కాయల చట్నీ, తన కోసం దాచుకున్న రాత్రి సంగటి కూడా. ఆమె ప్రతిదాన్నీ శ్రద్ధగా వంగి చూసింది. ప్రతిదానికీ కాదంది. అక్క పెరట్లోకి తీసుకుపోయింది. తీగ మీది బట్టలు, బోరింగు, గోడవతల కొండ. ఆమె అక్కడ నిలబడి చుట్టూ చూసింది. ఏదో ఒకటి మొన్నటిదాకా అక్కడే ఉండి ఇప్పుడు లేనట్టు చూసింది. అట్లా అనిపించింది నాకు. నిజమో కాదో తెలియదు.

“నాకూ తెలీలేదు తల్లీ,” అంది అక్క చివరికి, ఆమెతోనే. “ఏమడగతాండావో నాకూ తెలీలేదు.”

మళ్లీ వచ్చి కూర్చున్నాం. అప్పుడు ఆమె ఏడ్చింది. నోరు ఒకవైపుకు పోతుంది కాబట్టి ఆ ఏడుపు నవ్వులాగా కూడా ఉంది. చూడలేక హిందూపురం ఆమె తల వంచుకుంది. నేను ఏడుస్తున్న ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి నా చెయ్యి తెలియదని కొంచెంసేపటికి గుర్తొచ్చింది. ఎడమచెయ్యి పట్టుకుందామంటే, దాన్ని కూడా పట్టేస్తే ఆమెకు మిగిలేదేముంది?

ఆమె ఏడుపు దానంతట అదే ఆగింది. తల ఎత్తి మా ఇద్దరి ముఖాలు చూసింది. హిందూపురం ఆమె కళ్లు తుడుచుకోవడం చూసింది. అప్పుడు చెయ్యి చాచి, పిల్లలకు తుడిచినట్టు ఆమె చెంప తుడిచింది. తర్వాత ఇందాక జరిపేసిన ప్లేటును తన ముందుకు లాక్కుంది. చల్లారిపోయిన ఉగ్గానిని ఎడమచేత్తో తినడం మొదలుపెట్టింది. సగం ఒళ్లో పడుతున్నా ఆపలేదు. మా ప్లేట్ల వైపు గడ్డంతో చూపించింది, తినండని. మేమూ తిన్నాం. ఆమెకు కావలసింది దొరకలేదు. మా కోసం అడగడం మానేసింది, అంతే.

ధర్మవరంలో దింపేటప్పుడు వాళ్లాయన కారు తలుపు తీస్తూనే అడిగాడు. “ఏమన్నా మాట్లాడిందామ్మా?”

హిందూపురం ఆమె స్టీరింగు మీదినుంచి చేతులు తియ్యలేదు. “కడుపునిండా తినిందన్నా,” అంది.

“అట్లనా,” అన్నాడాయన. భార్యను లేపి లోపలికి నడిపించాడు.

ఆ తర్వాత మాట పోయినవాళ్లకు నేర్పే టీచరు ఒకామె వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి మాటలు పలికించడం మొదలుపెట్టింది. ఇప్పుడు మా స్నేహితురాలికి కొన్ని మాటలు వస్తాయి. నీళ్లు, వద్దు, చాలు, వాళ్లాయన పేరు. నా పేరులో సగం. మొన్న మళ్లీ ముగ్గురం అక్క ఇంటికి పోయినప్పుడు, హిందూపురం ఆమె చేతులు కడుక్కోవడానికి లేచిన సందులో అడిగాను.

“ఆ పొద్దు నువ్వు ఏమడిగినావే? యాడ చూపిస్తాంటివి?”

ఆమె నన్నే చూసింది. పెదవులు కదిలాయి. లోపల ఎక్కడో వెతుకుతున్నట్టు నుదురు ముడుచుకుంది.

“లేదు,” అంది.

గుర్తు లేదనా, అప్పుడు కావలసింది ఇప్పుడు లేదనా, అసలు అట్లాంటిదేమీ లేదనా? ఇంకోసారి అడగబోయి, ఆమె నుదుటి మీద చెమట చూసి ఊరుకున్నాను. అక్క దోసెలు తెచ్చి పెట్టింది. హిందూపురం ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆమె దోసెను చిన్న ముక్కలుగా తుంచి పెట్టింది.