చేవెళ్లలో రోడ్డుకు వీపు పెట్టిన బెంచీ

"మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పది నిమిషాలకు మించి నిలబడలేదు. మెహిదీపట్నం నుంచి మొయినాబాద్, చేవెళ్ల వైపు ఒక రోజు బస్సులో తిప్పుకు రావాలని ఉంది. దారిలో కూర్చోవడానికి ఎక్కడైనా ఉంటుందా?" అని పోయిన నెల ఒకావిడ నా బ్లాగు కింద రాశారు. ఎక్కడ ఏం తినాలో, ఎక్కడ ఫొటో దిగాలో చెప్పేవాళ్లు కోకొల్లలు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. నేను ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టడం నా నిత్యకృత్యం. వాళ్ల ఉసురే తగిలిందో ఏమో, రెండేళ్ల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఏ ఊళ్లో దిగినా నా కళ్లు ముందు బెంచీ కోసమే వెతుకుతాయి. అందుకని ఆవిడకు జవాబు రాయడానికి నాకంటే తగినవాడు లేడని నాకు నేనే తీర్మానించుకుని, మొన్న బుధవారం పొద్దున బయల్దేరాను.

మెహిదీపట్నంలో ఏడూ ఇరవైకి పల్లెవెలుగు బస్సెక్కాను. చేవెళ్ల, పరిగి, వికారాబాద్ అని రాసి ఉన్న ఏ బస్సయినా ఈ దారినే వెళ్తుంది, పావుగంటకో అరగంటకో ఒకటి దొరుకుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కాబట్టి మీ అమ్మగారితో వెళ్లేవాళ్లు కార్డు మర్చిపోకండి. నాలాంటి మగాళ్లకు మొయినాబాద్ దాకా నలభై లోపే అయింది. సీట్లన్నీ నిండిపోయి నేను కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే కండక్టరమ్మ నా నడక చూసి, డ్రైవరు వెనక సీట్లో ఉన్న కాలేజీ పిల్లలతో, "జర జరుగుండ్రి, సార్ కాలు చూస్తలేరా?" అంది. ఇద్దరి సీట్లో ముగ్గురం సర్దుకున్నాం. ఇరుకైనా హాయిగానే ఉంది.

మొయినాబాద్‌లో దిగేసరికి ఎనిమిదింబావు. రోడ్డు పక్కన రెండు సిమెంటు బెంచీలు కనిపించాయి గానీ రెండిటి మీదా మనుషులు లేరు. ఒకదాని మీద పాలకూర, రెండోదాని మీద కొత్తిమీర, మెంతికూర కట్టలు పేర్చి ఉన్నాయి. అమ్మే ఆమె మాత్రం బెంచీ కాలికి ఆనుకుని నేల మీద గోనెసంచి వేసుకుని కూర్చుంది. సురంగల్ నుంచి తెల్లవారకముందే ఆటోలో వస్తుందట.

"అమ్మా, జర జాగ ఇస్తవా? కాలు నొస్తున్నది," అన్నాను.

"అయ్యో, కూసో సారూ," అంటూ కట్టలన్నీ ఒక పక్కకు జరిపింది.

"కూరను బెంచీ మీద కూసోబెట్టి నువ్వు కింద కూసున్నవేంది?"

"నాకు దుమ్మంటితే దులుపుకుంట సారూ. కొత్తిమీరకు దులుపుకునుడొస్తదా?" అని నవ్వింది.

రెండు కట్టలు కొని సంచిలో వేసుకున్నాను. పక్కనే ఉన్న టిఫిన్ బండిలో ఇడ్లీ తిని, మళ్లీ వచ్చి ఆ పాలకూర పక్కనే అరగంట కూర్చున్నాను. అడిగితే జరుగుతారు, అడగకపోతే మాత్రం మొయినాబాద్ బెంచీలు ఆకుకూరలవే. ఈ సంగతి మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

చేవెళ్ల చేరేసరికి తొమ్మిదీ నలభై అయింది. బస్టాండు లోపల ఇనుప కుర్చీలున్నాయి, నీడ ఉంది, మరుగుదొడ్డి ఉంది. పెద్దవాళ్లకు ఫికర్ లేదు. అయితే నేను అక్కడి నుంచి శంకర్‌పల్లి వెళ్లి, రైల్లో ఇంటికి తిరిగి రావాలనుకున్నాను. ఆ బస్సు కోసం దవాఖాన దగ్గరి స్టాపులో ఉంటే మంచిదని ఎవరో చెబితే నడిచాను. పది నిమిషాల నడక నాకు పాతిక నిమిషాలు పట్టింది. ఇక కాలు మొరాయిస్తుందనగా, దూరం నుంచే నీలి రంగు అక్షరాలతో ఒక సిమెంటు బెంచీ వీపు కనిపించింది. పైన తెల్లటి శిలువ గుర్తు, దాని కింద "ప్రభువునందు నిద్రించిన ఏసోబు జ్ఞాపకార్థం, భార్య దీవెనమ్మ" అని రాసి ఉంది. ఈ ప్రాంతంలో పోయినవాళ్ల పేరు మీద బెంచీ వేయించడం మామూలే. ఎవరో గానీ ఏసోబు గారికి మనసులోనే దండం పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి కూలబడ్డాను.

కూర్చున్నాక గానీ సంగతి అర్థం కాలేదు. నా మోకాళ్లకు జానెడు దూరంలో ప్రహరీ గోడ ఉంది. రోడ్డేమో నా వీపు వెనక ఉంది. గోడ మీద "బోర్లు వేయబడును" అన్న ప్రకటన తప్ప చూడ్డానికి ఇంకేం లేదు. దాన్ని ఆరేడుసార్లు చదివాను. ఇంతలో వెనక నుంచి పెద్ద చప్పుడు, దుమ్ము వచ్చిపోయాయి.

"సారూ, శంకర్‌పల్లి బస్సు పాయె," అన్నాడు పక్కన చాయ్ కొట్టు నడిపే నర్సిములు.

"గదేంది, ఆపలేదేంది?"

"డ్రైవర్‌కు ఏం కనవడ్తది? బెంచీ ఈపు, మీ నెత్తి కనవడ్తది. గోడ దిక్కు మొకం పెట్టి కూసున్నోడు బస్సెక్కెతందుకు వచ్చిండని ఎవలనుకుంటరు? గీడ బస్సు గావాలంటే నిలవడాలె సారూ. కూసుంటే దొరకది."

కూర్చుంటే బస్సు దొరకని బెంచీని నా జన్మలో చూడలేదు. లేచి కొట్టు దగ్గరికి వెళ్తే, నర్సిములు చాయ్ పోస్తూ కథంతా చెప్పాడు. మేస్త్రీ మూడేళ్ల కిందట బెంచీని మామూలుగానే, రోడ్డుకు ఎదురుగా పెట్టబోయాడట. దీవెనమ్మ ఒప్పుకోలేదు. పేరు వీపు మీద ఉంది కాబట్టి వీపే రోడ్డుకు ఉండాలంది. కూర్చునే పలక మీద రాయిద్దామంటే, "నా మొగని పేరు మీద కూసుంటరా?" అని కయ్యానికి వచ్చింది. లోపలి వైపు రాయిద్దామంటే, మనిషి ఆనుకుంటే పేరు మాయమవుతుందంది. ఒకసారి ఆమె దొంతన్‌పల్లికి చుట్టాలింటికి వెళ్లినప్పుడు నర్సిములూ, నలుగురు ఆటోవాళ్లూ కలిసి బెంచీని తిప్పేశారు. ఆమె వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా బెంచీ ముందు మట్టిలో కూర్చుంది. పొద్దుగూకేదాకా లేవలేదు, అన్నం తినలేదు. చివరికి వీళ్లే మళ్లీ తిప్పారు.

"దవాఖానకొచ్చేటోళ్లు సతాయిస్తరు సారూ, గీ బెంచీ జర తిప్పరాదూ అని. నేనేం జెయ్యాలె, అవ్వతోని ఎవలు కొట్లాడ్తరు?" అన్నాడు.

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఒక మనిషి పంతానికి ఊళ్లో ముసలీ ముతకా అందరూ నిలబడాలా అనుకున్నాను. దీవెనమ్మ కనిపిస్తే నాలుగు మాటలు చెప్పి తీరాలనుకున్నాను. పదిన్నర దాటాక ఆమె వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి, బక్కపల్చటి మనిషి, ఒక చేతిలో నీళ్ల చెంబు, భుజాన పాత గుడ్డ. బెంచీ వీపు మీద దుమ్మంతా తడిగుడ్డతో తుడిచి, నా వైపు తిరిగింది.

"సారూ, సదువుకున్నట్టున్నవ్. గీడ ఏం రాసున్నదో జర సదువు."

చదివాను.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. పెదవులు కదుపుతూ వింది. ఏసోబు అన్నచోట ఆమె తల తనంతట తానే ఊగింది.

"నాకు సదువు రాదు. ఆయనకూ రాలె," అంది. "యాడన్న సంతకం అంటే ఏలిముద్రనే. భూమి లేకపాయె, ఇల్లు నా తమ్ముని పేరు మీద ఉండె. ఆయన పేరు గింత పెద్దగ రాసింది గీడ ఒక్క కాడనే. మొయినాబాద్ కాడికెల్లి గీడిదాంక గీ రోడ్డుకు తారు పోసిండు సారూ. తారు పోసినోని పేరు రోడ్డు మీద రాయరు గద? అందుకే రోడ్డుకు కనవడాలె అన్న."

నాలుగు మాటలు చెప్పాలనుకున్న నేను, ఆమె అడక్కుండానే ఆ పేరు మూడోసారి చదివాను. ఇంకో బస్సు పదకొండూ నలభైకి ఉందని నర్సిములు చెప్పాడు. "పోయి కూసో సారూ, కాలు నొస్తలేదా?" అని దీవెనమ్మ బలవంతం చేసింది. ఆమె ముందు నిలబడి ఉండడానికి మనసొప్పక మళ్లీ వెళ్లి గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆమె కూడా వచ్చి నా పక్కన కూర్చుని, ఏసోబుకు ఉల్లిగడ్డ కారం అంటే ఎంత ఇష్టమో చెప్పసాగింది.

బస్సు కాస్త ముందే వచ్చింది. "సారూ, బస్సు!" అని నర్సిములు కేకేశాడు. నేను గభాలున లేచి తిరగబోయాను. గోడకూ బెంచీకీ మధ్య కుడికాలు ఇరుక్కుంది. అంతే, ఆపరేషన్ అయిన మోకాలి మీదే పడ్డాను. కళ్లు బైర్లు కమ్మాయి. బస్సు దాని దారిన అది వెళ్లిపోయింది. దీవెనమ్మ నా రెక్క పట్టుకుని లేపింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. ఆమె తన చెంబులో నీళ్లతో కడిగింది. కడుగుతూ, తల ఎత్తకుండానే నర్సిములును అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. గీడ ఇంతకుముందు ఎవలన్న పడ్డరా?"

నర్సిములు తల గోక్కున్నాడు. "పోయిన వానకాలం ఒక ముసలాయన పడ్డడవ్వా. చెయ్యి ఇరిగింది. నువ్వు బాధపడ్తవని చెప్పలె."

"నా మొగని బెంచీ కాడ?"

దీవెనమ్మ బెంచీ వైపు తిరిగింది. ఆమె ముఖం చూడలేక నేనే, "వద్దక్కా, తొందరపడ్డది నేను. బెంచీదేం తప్పు లేదు," అన్నాను.

"నువ్వు ఊకో సారూ," అని కసిరింది. "నర్సిములూ, గడ్డపార తేపో. పోరగాండ్లను పిలువు."

ఆటోవాళ్లు నలుగురు వచ్చారు. బెంచీ కాళ్లు జానెడు లోతు పాతి ఉన్నాయి. తవ్వి, పలకలు విప్పి, తిప్పి మళ్లీ నిలబెట్టడానికి గంట పట్టింది. దీవెనమ్మ దగ్గర నిలబడి ఒక్క షరతు పెట్టింది. "గోడకు ఆనియ్యకుండ్రి. మూరెడు సందు ఇడువుండ్రి. నేను లోపల్కి పోయి తుడవాలె." బెంచీ రోడ్డు వైపు తిరిగింది. పేరు గోడ వైపు వెళ్లిపోయింది. రోడ్డు మీద నుంచి చూస్తే ఇప్పుడది ఎవరిదో తెలియని ఉత్త సిమెంటు బెంచీ. ఆటోవాళ్లు కూడా గడ్డపార పట్టుకుని తలలు దించుకున్నారు.

దీవెనమ్మ తడిగుడ్డతో ఆ సందులోకి అడ్డంగా దూరింది. ఎంతకూ బయటికి రాలేదు. ఏడుస్తోందేమోనని నేను పక్క నుంచి తొంగిచూశాను. అరచెయ్యి అక్షరాల మీద ఆనించి నిలబడి ఉంది.

"మస్తు సల్లగున్నది సారూ గీడ," అంది. "ఎండకు రెండుసార్లు రంగు వోయింది. బతికినన్ని దినాలు తారు కాడ, ఎండల మాడిండు. సచ్చినంక గూడ నేను ఎండలనే నిలవెట్టిన. ఇగ జర నీడకు ఉండనీ."

అప్పుడు ఆమె కంటే ముందు నాకే ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, నర్సిములు కూడా కొట్లోకి వెళ్లి అవసరం లేకపోయినా గ్లాసులు కడిగాడు.

ఒంటిగంట దాటాక వచ్చిన శంకర్‌పల్లి బస్సు ఎవరూ చెయ్యెత్తకుండానే ఆగింది. బెంచీ మీద కూర్చున్న నేను, దీవెనమ్మ, దవాఖాన నుంచి వచ్చిన ఒక బాలింత, మా ముగ్గురి ముఖాలు డ్రైవరుకు దూరం నుంచే కనిపించాయి మరి. నాతో పాటు ఆ బాలింత ఎక్కింది. ముప్పావుగంటలో శంకర్‌పల్లి, అక్కడ కూరగాయల లారీల మధ్య నుంచి ఆటోలో రైల్వే స్టేషన్. ప్లాట్‌ఫారం మీద బెంచీలకు కొదవ లేదు. లింగంపల్లి దాకా రైలు టికెట్టు చాయ్ ఖర్చంత. రైళ్లు తక్కువ, వేళలు ముందే చూసుకోండి. నేను ఇంట్లో పడేసరికి సాయంత్రం ఆరు.

దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను. బెంచీ అంటే కూర్చోవడానికే అనుకునేవాణ్ణి. ఒక మనిషికి లోకంలో పేరు మిగిలిన ఒకే ఒక్క చోటు కూడా అదే కావచ్చని నాకెప్పుడూ తట్టలేదు. మూడేళ్లు కొట్లాడి, పొద్దుగూకేదాకా మట్టిలో కూర్చుని కాపాడుకున్న ఆ చోటును, ముక్కూ ముఖం తెలియని నా మోకాలి కోసం ఆమె ఒక్క గంటలో వదులుకుంది. నా మోకాలు ఇంకా నొస్తోంది. ఆమె మీద గౌరవం అంతకంటే ఎక్కువగా ఉంది.

అడిగినావిడకు చివరిగా ఒక్క సలహా. చేవెళ్ల దవాఖాన స్టాపులో మీ అమ్మగారిని ధైర్యంగా కూర్చోబెట్టండి, బస్సు ఆగుతుంది. ఈలోపు మీరు బెంచీ వెనకకు, గోడ సందులోకి వెళ్లి అక్కడ ఉన్న పేరును పైకి చదవండి. పదిన్నర, పదకొండు మధ్యలో వెళితే ఒక పెద్దావిడ చెంబూ గుడ్డా పట్టుకుని అక్కడే ఉంటుంది. మళ్లీ చదవమంటుంది. చదవండి.