దొర దవడ పన్ను

మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో కుక్కల ఆస్పత్రి తెరిచినప్పటినుంచి మెట్లు దిగుతుంటే స్పిరిటు, లవంగ నూనె కలిసిన వాసన వస్తోంది. పెంపుడు కుక్కలకు పళ్ళు తోమించడానికి వచ్చినవాళ్ళు, ఇదేదో నిన్నగాక మొన్న కనిపెట్టిన నాగరికత అన్నట్టు గర్వంగా కూర్చుని ఉంటారు. పంతొమ్మిది వందల యాభైలలోనే, మద్రాసు తంగసాల వీధిలో, మా మిద్దె ఇంట్లో రోజూ పొద్దున కుక్కకు పళ్ళు తోమేవాళ్ళమంటే వాళ్ళు నమ్మరు. నేనూ చెప్పను.

తెల్లటి రాజపాళయం కుక్క అది. పేరు దొర. ధనుర్మాసపు చలిలో, వీధిలో భజన తాళాలు దూరమవుతుంటే, వంటింట్లోంచి మిరియాల పొంగలి వాసనా, కింది మండీలోంచి చింతపండు, ఎండుమిర్చి ఘాటూ కలిసి వస్తుంటే, పిల్లలమందరం ముంగిట వరసగా కూర్చునేవాళ్ళం. తాతగారు మా అరచేతుల్లో ఊక కాల్చి ఉప్పు కలిపిన ఉమికరి పోసుకుంటూ వచ్చేవారు. వరస చివర దొర. తాతగారు వేలికి గుడ్డ చుట్టుకుని "ఇకిలించు" అనగానే అది పెదవులు ఎత్తి, చిగుళ్ళదాకా పళ్ళు చూపించేది. మాకు నవ్వు ఆగేది కాదు. తాతగారి చూపు మందగించాక ఆ పని నాకు అప్పగించారు. అన్నదమ్ములెవరు ఆ మాట అన్నా దొర కదిలేది కాదు, నేనంటేనే ఇకిలించేది.

తర్వాత మండీ పోయింది, ఇల్లూ పోయింది. రెండింటినీ కొన్నవాడు మా మండీలో తూకం వేసిన రంగయ్య. మేము పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు సైరను కింద రెండు గదుల అద్దెకు వెళ్ళాం. ఇంటాయన కుక్కను రానివ్వననడంతో దొర తంగసాలలోనే ఉండిపోయింది. ఇల్లు పోయినందుకు నేను ఏడవలేదు. రంగయ్య కూతురు కమల, నా ఈడుదే, మా అరుగు మీద కూర్చుని, పెరుగన్నం తప్ప ఎరగని మా కుక్కకు బెల్లం కమ్మర్‌కట్లు తినిపిస్తోందని విన్నప్పుడు మాత్రం రాత్రి అన్నం సహించలేదు. అది బక్కచిక్కాలనీ, నాకోసం బెంగపెట్టుకోవాలనీ కోరుకున్నాను. బాగా ఒళ్ళు చేసిందని తెలిసింది.

ఒకరోజు రంగయ్య కారులో వచ్చి మా వాకిట్లో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"చిన్నయ్యా, దొరకి కంటికింద వాచిపోయుండాది. దవడ పన్నంట. డాక్టర్ని కిట్ట రానీయటంలా. నువ్వొస్తేనే అయ్యేట్టుండాది."

తాతగారు నా వైపు తిరిగి, "పో. వాళ్ళ కారెక్కబాకు, బస్సులో పో," అన్నారు.

వేపేరిలో ఒక పశువైద్యుడు తన ఇంటి ముందుభాగంలోనే ఆస్పత్రి నడిపేవాడు. పెంకుల వసారాలో మేకలు, జట్కా గుర్రాలు. లోపల బల్లపక్క, గొలుసు కమల చేతిలో ఉండగా, దొర గుర్రుమంటోంది. డాక్టరు విసుక్కుంటున్నాడు: "మూతి కట్టేస్తే పన్నెట్టా చూసేది?" నన్ను చూడగానే దొర ఒళ్ళంతా ఊపుతూ, గొలుసు లాక్కుంటూ నా మీదికి వచ్చింది. కమల ముఖం చిన్నబోయింది. అంత సంతోషం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. అందరూ చూసేదాకా ఆగి, తాతగారి గొంతుతో "ఇకిలించు" అన్నాను.

ఇకిలించింది. డాక్టరు దాని దవడల మధ్య కొయ్యముక్క పెట్టాడు. "తంబీ, బాగా పట్టుకో," అని సూది వేసి, పట్టకారు లోపలికి పోనిచ్చాడు. కమల చూడలేక వసారాలోకి పరుగెత్తింది. పన్ను ఊడి వచ్చేదాకా దొర నా ముఖంలోకే చూస్తూ ఉంది. వదలగానే నన్ను దాటుకుని వసారాలోకి పోయి, నెత్తురు కారే మూతిని కమల ఒళ్ళో పెట్టింది.

వారం తర్వాత పుండు మానిందో లేదో చూడాలని మళ్ళీ పిలిపించారు. "ఇకిలించు" అన్నాను. దొర పళ్ళు బిగించి, తోక ముడుచుకుని కమల వెనక్కి వెళ్ళింది. ఇంకోసారి అన్నాను, గట్టిగా. కమల వంగి, "ఏదీ, ఆ అను నాయనా, ఆ..." అంది. దొర నోరు తెరిచింది. రంగయ్య నా భుజం తట్టి, "ఇంక నీకు శ్రమ లేదులే చిన్నయ్యా," అన్నాడు. బస్సు దిగి ఇల్లు చేరేదాకా ఆ భుజం దులుపుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడా మిద్దె ఇల్లు లేదు, దాని చోట వరస దుకాణాలు. వేపేరి వసారా లేదు. ఉమికరి ఎలా ఉంటుందో నా మనవలకు తెలియదు. కమల ఉంది. మొన్న ఒక పెళ్ళిలో పక్క కుర్చీలోనే కూర్చుని, ఎవరో పరిచయం చేస్తే కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"మీరేనా! మా దొర పన్ను పీకినప్పుడు వచ్చిన పిల్లోడు! కుక్కల్ని పట్టడం తెలిసినోడని నాయన పిలిపించినాడనుకున్నా."

"అది మా కుక్క," అన్నాను.

"అట్నా? నాకు తెలీనే తెలీదే," అని ఫోనులో పాత ఫోటో ఒకటి తీసి చూపించింది. మా అరుగు మీద ఆమె, ఆమె ఒళ్ళో నోరు తెరుచుకుని దొర. పై దవడలో పన్ను లేని సందు కనిపిస్తోంది. దొర ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. నాకు పంపమని అడగడానికి నోరు రాలేదు. బాగుందని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేశాను.