దూది కుక్కిన పియానో

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. దూరంగా కూర్చుంటే గొంతు పెంచాలి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. నేను మూడో తరగతి దాటనిదాన్ని, అయినా ఒకసారి విన్నది మరవను.

ఎమ్మిగనూరులో పుట్టి, ఆదోనిలో పత్తి వ్యాపారుల ఇంటికి కోడలిగా వచ్చాను. కింద మండీ, పైన మిద్దె మీద మేము. మిద్దె చివరి గదిలో ఒక పాత పియానో ఉంది. అది మా మామగారి నాయనకు మేనత్తది. తెల్లదొరల కాలం మనిషి. పదేళ్ళకే మొగుడు పోతే, తండ్రి ఆమెను బళ్ళారిలో ఒక దొరసాని దగ్గర పియానో నేర్చుకోవడానికి పెట్టాడట. నేర్చుకున్నాక ఎద్దులబండిలో గడ్డి పరిచి పియానోను ఇంటికి తెచ్చుకుంది. ఊరంతా నవ్వింది. నవ్విన ఇళ్ళవాళ్ళే తర్వాత తమ ఆడపిల్లలను పంపారు. ముసలితనం దాకా నేర్పుతూనే ఉంది.

ఆమె నేర్పే తీరే వేరు. పిల్ల చేతుల మీద ఒక్కో పత్తికాయ పెట్టేది. అది పడకుండా పియానో మెట్లు నొక్కాలి. తాను వెనక నిలబడి పిల్ల భుజం మీద వేలితో తాళం వేసేది. "సాల్లే, లెయ్" అని ఆమె అనేదాకా చేతులు తీయకూడదు.

ఒక మధ్యాహ్నం అలా తాళం వేస్తూనే ప్రాణం విడిచింది. అప్పుడు పాఠంలో ఉన్నది మా అత్తకు అత్త, పన్నెండేళ్ళ కొత్తకోడలు. వెనక మనిషి కూలిపోయినా భుజం మీద తాళం ఆగలేదని ఆ పిల్ల చెప్పిందట. పెద్దలు హడలిపోయి పిల్లను ఎత్తుకుపోయారు. శవం ముక్కులో పెట్టినట్టు పియానో కడుపులోనూ దూది కుక్కారు. పత్తి వ్యాపారులకు ఏ నోరు మూయాలన్నా దూదే గుర్తుకొస్తుంది.

"ఆయమ్మ పాఠం సగంలో నిలిసిపోయినాది. ఆడ కూసున్న పిల్లను ఇడిసిపెట్టదు," అని చెప్పి మా అత్త ఆ గదికి గొళ్ళెం పెట్టించింది.

మొన్న ఎండాకాలం సెలవులకు ఎమ్మిగనూరు నుంచి నా కూతురి కూతురు వచ్చింది. తొమ్మిదేళ్ళు. గొళ్ళెం తీసేసింది.

"అవ్వా, దీనికి జలుబు చేసిందా? ఇంత దూది పెట్టినారే!"

"ముట్టగాకు మే, అది పెద్దోళ్ళది."

"నీకేం తెలుసవ్వా సంగీతం? నీకు తెలిసింది మిక్సీ పాటొకటే!"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

మూడోనాడు జొన్నరొట్టెలు చేసి పిలిచాను. పలకలేదు. వెళ్ళి చూస్తే, దూదంతా లాగి కింద పడేసి, ఎవరూ నేర్పని పాటేదో మెల్లగా వాయిస్తోంది. పైన ఏదో పెట్టినట్టు చేతులు కదలకుండా, వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. కుడి భుజం దగ్గర గౌను గుడ్డ లోపలికి నొక్కుకుంటోంది, లేస్తోంది. మళ్ళీ నొక్కుకుంటోంది. వెనక ఎవరూ లేరు.

"లెయ్ పాపా, రొట్టె తిందువు."

"పాఠం అయిపోలేదు," అంది, తల తిప్పకుండా.

చేతులు పట్టి లాగాను. బండరాళ్ళలా కదల్లేదు. వేళ్ళ కొసలు కందిపోయి ఉన్నాయి. "సాల్లే, లెయ్" అని నేనే అన్నాను. ఆ మాట నా నోట పనిచేయలేదు. నా కూతురికి ఏమని చెప్పను?

"అమ్మా, తప్పు మాదే," అన్నాను ఆ ఖాళీ వైపు చూస్తూ. "పాఠం పూర్తి చేయనియ్యకుండా నీ పెట్టెకు పీనుగు దూది పెట్టినాము. ఈ బిడ్డకు ఆకలైతాంది, ఇడిసిపెట్టు. నేను కూసుంటా. నాకు నేర్పు."

బల్ల చివర కూర్చుని, కారం నూరిన వేళ్ళు మెట్ల మీద పెట్టాను. గది నిశ్శబ్దమైంది. నా భుజం మీద చల్లటి వేలొకటి ఆనింది. ఒకటి. రెండు.

"అవ్వా, రొట్టె యాడ పెట్టినావు?" అంటూ పిల్ల లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నేనే కూర్చుంటున్నాను. "ఈ వయసులో ఇదేం పిచ్చి మా?" అంటాడు కొడుకు. తప్పు నొక్కితే వేలు ఆగుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కోపం లేదు, తొందర లేదు. నిన్న రెండో పాఠం ఎత్తుకున్నాము.

మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. మీ ఇంటి బిడ్డలు ఒక్క పిలుపుకే పలికి, రొట్టె వేడి తగ్గకముందే వచ్చి మీ పక్కన కూర్చోవాలి.