రఖియా కోసం తొమ్మిది ఉత్తరాలు

మా సఫీ ఊరి రేవులో, చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో రఖియా ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ప్రతి ఏడాది చివరా ఆమె చేతిలో ఒకే రకం చీటీ పెట్టేవారు: "తాత్కాలిక కూలీ, మూడు నెలలు." చేపొచ్చిందని ఫ్యాక్టరీ కూత వినపడగానే పొయ్యి మీద కూర వదిలేసి ఆమె పరిగెత్తింది మాత్రం పన్నెండు నెలలూ. కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషికీ చేప తల కోసే కత్తెర పట్టడం నేర్పింది ఆమే. మొప్పలు చూసి సరుకు పనికొస్తుందో లేదో తేల్చేదీ, డబ్బా మూత అతుకు మీద గోరు నడిపి లోపం పట్టేదీ ఆమే. ఆ సంగతి ఏ చీటీలోనూ లేదు. ఆమె చీటీలన్నీ మడిచి ఖాళీ పంచదార డబ్బాలో దాచుకుంది.

రేవుకి ఆ చివర కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. సరుకు ఎంచే వరసని చూసుకునే పెద్ద ఒకరు కావాలన్నారు. ఏడాది పొడుగునా జీతం, బీమా. పాత చోట ఏం చేసిందో తెలిపే ఉత్తరాలు గురువారం లోగా తెమ్మన్నారు.

రఖియా మేనేజరు బూషైబ్ దగ్గరికి వెళ్ళింది. పని మానేసి వెళ్ళే మనిషికి అలాంటి కాగితం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. బూషైబ్ నవ్వాడు.

"చేపొస్తే వచ్చావు, రాకపోతే ఇంటికెళ్ళావు. దానికి ఉత్తరమేంటమ్మా?"

"చేప ఇరవై రెండేళ్ళుగా వస్తూనే ఉంది కదయ్యా."

"ఇవాళ నీకు రాసిస్తే రేపు అందరూ నా బల్ల ముందు వరస కడతారు."

"వరసలో నిలబడ్డం మాకు కొత్తేం కాదులెండి," అని ఆమె బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్ళ ఉమ్మడి స్నానశాలలో, ఆవిరిలో, తోటి పనివాళ్ళు తొమ్మిది మందిని అడిగింది. ఫ్యాక్టరీ చెవులు చేరని చోటు అదొక్కటే.

"ఒంటి మీద నూలుపోగు లేనప్పుడు ఉత్తరం రాయమంటావేమే? కలం ఎక్కడ దోపుకోను?" అంది మహ్జూబా, రఖియా వీపు రుద్దుతూనే. ముప్పై ఏళ్ళుగా అదే ఫ్యాక్టరీలో ఉన్న పెద్దావిడ. అందరూ పగలబడి నవ్వారు.

ఫత్నా నవ్వలేదు. "బూషైబ్‌కి తెలిస్తే నన్ను మళ్ళీ గేటు దాటనివ్వడక్కా."

"నీకు కత్తెర పట్టించింది ఎవరే? ఆ బూషైబా?" అంది మహ్జూబా.

ఫత్నా కాసేపు నీళ్ళు పోసుకుంది. ఆరో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. "సరే, చెప్పండి, రాస్తా," అంది చివరికి.

మర్నాడు తొమ్మిది ఉత్తరాలు తయారయ్యాయి. ఫత్నా చదివి వినిపించింది. రఖియా చెయ్యి శుభ్రం. రఖియా రొట్టె మెత్తన. గొంతు పెంచి ఎరగదు, అత్తగారిని చివరిదాకా చూసుకుంది.

రఖియా తల పట్టుకుంది. "నాకు ఉద్యోగం చూస్తున్నారా, మొగుణ్ణి చూస్తున్నారా?"

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఏ ఏడు, ఏ బల్ల, ఎవరికి ఏం నేర్పింది, ఏ రోజు చెడిన సరుకు కనిపెట్టి ఆపించింది, అన్నీ రాశారు.

బుధవారం తొమ్మిది మందీ గుర్తింపు కార్డులతో పురపాలక కార్యాలయానికి వెళ్ళారు. అధికారి కళ్ళ ముందు సంతకం పెట్టి స్టాంపు వేయించకపోతే మా దేశంలో ఏ ఉత్తరానికీ విలువ లేదు. మహ్జూబా వేలు సిరాలో ముంచి నొక్కింది. కాగితం మీద నున్నటి నల్లమచ్చ పడింది. గీత ఒక్కటీ లేదు.

"గట్టిగా నొక్కమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఇంకెంత నొక్కను నాయనా? నా గీతలన్నీ ఉప్పు తినేసింది." రెండు అరచేతులూ చాపింది. వెనక మిగతావాళ్ళూ చాపారు. గుమాస్తా ఆ చేతుల వంక చూశాడు, కార్డు మీది ఫొటో వంక చూశాడు. "మనిషిని స్వయంగా చూశాను" అని పక్కన రాసి స్టాంపు కొట్టాడు. తొమ్మిది సార్లు.

గురువారం కొత్త ఫ్యాక్టరీలో మేనేజరమ్మ ఉత్తరాలన్నీ చదివింది. నల్లమచ్చ సంగతి అడిగి తెలుసుకుంది. ఇక మాట్లాడకుండా ఒక చేపల పెట్టె తెప్పించి రఖియా ముందు పెట్టించింది. రఖియా పైవరస వేళ్ళతో పక్కకి జరిపి, అడుగునుంచి నాలుగు చేపలు తీసి అవతల పారేసింది.

"పైన ఇవాళ్టివి. అడుగున నిన్నటివి. మీకు అమ్మినవాడెవడో గానీ మోసగాడు."

"వచ్చే వారం దాకా ఎందుకు? రేపే చేరు," అంది మేనేజరమ్మ.

సోమవారం పాత ఫ్యాక్టరీ కూత కూసింది. ఫత్నాతో సహా తొమ్మిది మందీ వెళ్ళారు. ఎవరూ కత్తెర ముట్టలేదు. చేప ఎండలో పాడవుతోంది. "మా పని కాగితాలేవి, రఖియాది ఏది?" అని ఒకటే మాట. మధ్యాహ్నానికి బూషైబ్ అందరికీ రాసిచ్చాడు. పదో కాగితం రఖియాది: ఇరవై రెండేళ్ళు. అది చేతికొచ్చాక ఆమె పాత చీటీలు తీసేసి, పంచదార డబ్బా కడిగి అందులో పంచదార పోసుకుంది.

మీ ఇంట్లో, మీ కొట్లో, మీ ఆఫీసులో పనిచేసి వెళ్ళినవాళ్ళ పేర్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి. ఏ పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏది బాగా చేశారు, ఇంత రాసి కింద సంతకం పెట్టండి. మంచి మనిషి అని మాత్రం సరిపెట్టకండి. ఈ వారమే రాయండి.